చైనా టూర్ కాగితంలో ఊళ్ళ పేర్లు కాదు, టికెట్ల తేదీలు చూడండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఐదేళ్ళకు పైగా ఆగిపోయిన చైనా విమానాలు 2025 అక్టోబరు 26న కోల్‌కతా–గ్వాంగ్‌జౌ సర్వీసుతో మళ్ళీ మొదలయ్యాయి. నవంబరులో ఢిల్లీ నుంచి గ్వాంగ్‌జౌకు, షాంఘైకి కూడా నడవసాగాయి. మన తిరుపతి, చిత్తూరు నుంచి చైనా చూడాలనుకునేవారికి ఏజెన్సీలు ఇచ్చే కాగితం దాదాపు ఒకేలా ఉంటుంది: ఆరు రాత్రులు, ఏడు పగళ్ళు, బీజింగ్, షియాన్, షాంఘై. హోటల్‌కు ఎన్ని నక్షత్రాలో అందులో ఉంటుంది, రాత్రి భోజనం ఇండియన్ అని ఉంటుంది. బీజింగ్ రాజప్రాసాదానికి ఏ తేదీన, ఏ పూటకు టికెట్ తీస్తారన్నది మాత్రం ఉండదు. అడ్వాన్సు కట్టేముందు గట్టిగా అడగాల్సింది అదే.

ఎందుకో తిరుపతి వాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మూడువందల రూపాయల దర్శనం టికెట్లు ఆధార్ నంబరు మీద, ఫలానా గంటకు విడుదలై చూస్తుండగానే అయిపోవడం మనకు తెలుసు. కొండకు వచ్చేశాం, ఎలాగైనా టికెట్ ఇప్పించండి అని ఫోన్ చేసే బంధువులకు మనం చెప్పే జవాబే చైనాలోని పెద్ద చారిత్రక స్థలాలన్నీ చెబుతాయి. ఆధార్‌కు బదులు అక్కడ పాస్‌పోర్టు నంబరు, అంతే తేడా.

బీజింగ్‌లో మనం నిషిద్ధ నగరం అని పిలిచే రాజప్రాసాదానికి ఇప్పటి అధికారిక పేరు ప్యాలెస్ మ్యూజియం. టికెట్ ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 60 యువాన్లు, మిగతా నెలల్లో 40. యువాన్ అంటే మనకు పన్నెండు, పదమూడు రూపాయలు. కాబట్టి ఖర్చు లెక్కలోది కాదు, దొరకడమే కష్టం. చూడబోయే రోజుకు ఏడు రోజుల ముందు, బీజింగ్ సమయం రాత్రి 8 గంటలకు టికెట్లు వదులుతారు. వాళ్ళ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు నడుస్తుంది గనుక మనకది సాయంత్రం 5.30. ఉదయం పూటకు, మధ్యాహ్నం పూటకు టికెట్లు వేరు. ప్రభుత్వ సెలవు కలిసి వస్తే తప్ప సోమవారం మూసే ఉంటుంది. బీజింగ్‌కు రెండే రోజులిచ్చి, అందులో ఒకటి సోమవారం పడేలా కాగితం రాసిన ఏజెన్సీ ఆ ప్రాసాదాన్ని చూపించే ఉద్దేశంతో రాయలేదనుకోవాలి. అలాంటప్పుడు ప్రాసాదం వెనక ఉన్న జింగ్‌షాన్ గుట్ట ఎక్కించి, పసుపు పెంకుల కప్పులు పైనుంచి చూపించి సరిపెడతారు. గుట్ట మీది దృశ్యం బాగుంటుంది, నిజమే. కానీ లోపలంతా తిరిగి వచ్చాక ఎక్కితేనే ఏ కప్పు కింద ఏముందో తెలుస్తుంది.

టికెట్ తీసేటప్పుడు మనవాళ్ళకు వచ్చే చిక్కు పేరు దగ్గర. మన పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, కొందరికి రెండు గడులూ నిండి ఉంటాయి. ఫొటో ఉన్న పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరసలు అచ్చయి ఉంటాయి. అందులో పేరు ఏ వరసలో ఉందో అదే వరసలో కొట్టాలి. నంబరు ఒక అక్షరం, ఏడు అంకెలు. ఒక్క అంకె అటూ ఇటూ అయినా గేటు తెరుచుకోదు. టికెట్లన్నీ తీశాక పాస్‌పోర్టు రెన్యువల్‌కు ఇస్తే కొత్త నంబరు వస్తుంది, పాత నంబరు మీద తీసినవన్నీ దండగ. గడువు ఆరు నెలలకన్నా తక్కువ మిగిలి ఉంటే ముందు రెన్యువల్, ఆ తరువాతే వీసా, ఆ తరువాతే టికెట్లు. ఇక జిరాక్స్ కాపీ, ఫోన్‌లో ఫొటో గేటు దగ్గర పనికిరావు. పోతుందేమోనని పాస్‌పోర్టును హోటల్ లాకర్లో దాచి బయల్దేరితే గేటు దాకా వెళ్ళి వెనక్కి రావడమే.

ప్రాసాదంలోకి దారి దక్షిణాన ఉన్న వూమెన్ ద్వారం ఒక్కటే. బయటికి ఉత్తరాన షెన్‌వూమెన్ నుంచి గానీ, తూర్పు ద్వారం నుంచి గానీ వెళ్ళాలి. బస్సు దించిన చోటికి మళ్ళీ రాలేం కాబట్టి, గుంపులో ఎవరైనా తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో లోపలికి అడుగుపెట్టకముందే అనుకోవాలి. ముందున్న తియానన్‌మెన్ మైదానానికి వేరే రిజర్వేషన్ కావాలి. డబ్బు తీసుకోరు గానీ అదీ పాస్‌పోర్టు మీదే, ముందుగానే. ప్రాసాదం ఉత్తర దక్షిణాలు 961 మీటర్లు, తూర్పు పడమరలు 753 మీటర్లు. నడుమ గీత గీసినట్టు నేరుగా నడిస్తే గంటన్నరలో అవతల తేలవచ్చు. గుంపుల్ని తోలుకుపోయే గైడ్లు చేసేది అదే. పదేసి యువాన్ల అదనపు టికెట్‌తో చూసే నగల మందిరం, గడియారాల మందిరం రెండూ పక్కదారుల్లో ఉంటాయి గనుక వాటి ఊసే రాదు. ఎంత తక్కువన్నా నాలుగు గంటలు ఇవ్వకపోతే ఆ ప్రాసాదానికి వెళ్ళినట్టు కాదు.

చంద్రగిరి కోటలో రాజమహల్ చూసినవారు ఒక విషయం గమనిస్తే బాగుంటుంది. మన రాజమహల్ కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేచింది. మింగ్ వంశపు చక్రవర్తి యోంగ్‌లె 1406–1420 మధ్య కట్టించిన ఈ ప్రాసాదానికి ప్రాణమంతా కర్రలోనే ఉంది. స్తంభాల తలల మీద ఒకదానిలో ఒకటి దూరి ఇమిడిపోయే కర్రముక్కల గుత్తులు కనబడతాయి. వాటిని దూగోంగ్ అంటారు. పైకప్పు బరువును స్తంభాల మీదికి దించేవి అవే. కర్ర ఉన్నచోట నిప్పు భయం ఉంటుంది. ప్రాంగణాల్లో ఉన్న పెద్ద పెద్ద లోహపు గంగాళాలను అందరూ అలంకారం అనుకుని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. అవి మంటలార్పడానికి నీళ్ళు నింపి ఉంచిన తొట్లు. చలికాలంలో నీళ్ళు గడ్డకట్టకుండా కింద నిప్పు రాజేసేవారు. పైకప్పు మూలల మీద వరసగా కూర్చున్న చిన్న జంతువుల బొమ్మల్ని లెక్కపెట్టండి. ఎన్ని ఎక్కువుంటే ఆ భవనానికి అంత హోదా. తాయ్‌హె మండపానికి పది ఉంటాయి, ఇంకెక్కడా అన్ని ఉండవు. బావోహె మండపం వెనక మెట్ల నడుమ డ్రాగన్లు చెక్కిన ఏకశిల ఉంది. పొడవు 16 మీటర్ల పైమాట, బరువు 200 టన్నుల పైమాట. చక్రాల బళ్ళు మోయలేని ఇలాంటి రాళ్ళను గడ్డకట్టే చలిలో, దారి పొడవునా నీళ్ళు పోసి, ఆ మంచు మీద జార్చుకుంటూ తెచ్చారు. దారి పక్కన బావులు తవ్వింది ఆ నీళ్ళకోసమే.

ఎప్పుడు వెళ్ళాలన్నదానికి మన స్కూలు సెలవుల్ని పట్టుకుంటే తప్పులో కాలేసినట్టే. దసరా సెలవులు చాలా ఏళ్ళలో అక్టోబరు మొదటి వారాన్ని తాకుతాయి. చైనాలో అక్టోబరు 1 జాతీయ దినం, ఆ వారమంతా సెలవులు. దేశం మొత్తం రైళ్ళెక్కి చారిత్రక స్థలాల మీద పడుతుంది. మే నెల మొదటి ఐదు రోజులూ అంతే. సంక్రాంతికి బీజింగ్‌లో పగలు కూడా సున్నా డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, రాత్రి ఇంకా పది దాకా దిగుతుంది. వాళ్ళ చాంద్రమాన సంవత్సరాది జనవరి చివరో, ఫిబ్రవరిలోనో వస్తుంది. అప్పుడు చిన్న హోటళ్ళు, దుకాణాలు మూసేసి సొంతూళ్ళకు వెళ్ళిపోతారు. ఏప్రిల్ నడిమి నుంచి నెలాఖరు దాకా, సెప్టెంబరు, మళ్ళీ అక్టోబరు పదో తేదీ దాటాక నెల రోజులు మంచి కాలం. పిల్లల్ని నాలుగు రోజులు స్కూలు మాన్పించైనా ఈ కాలంలో వెళ్ళడమే మేలు.

మహాకుడ్యానికి వద్దాం. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దపు తొలి చక్రవర్తి చిన్ షిహువాంగ్ కట్టించిన గోడనే మనం ఎక్కుతున్నామని చాలామంది అనుకుంటారు. ఆయన కాలపు గోడలు ఎక్కువగా కూరిన మట్టివి. బీజింగ్ దగ్గర మనం నడిచే ఇటుక, రాతి గోడ మింగ్ వంశం నాటిది, అంటే అంతకు పదహారు, పదిహేడు వందల ఏళ్ళ తరువాతిది. అన్ని వంశాల గోడలూ కలిపి 21,196 కిలోమీటర్లని 2012లో లెక్క తేల్చారు. మింగ్ కాలపు సున్నంలో బంక బియ్యపు గంజి కలిపేవారు. మన పాత కట్టడాల గచ్చులో బెల్లం నీళ్ళు, కరక్కాయ కలిపినట్టే అది కూడా పట్టు కోసమే.

బీజింగ్ దగ్గర గోడ ఎక్కే చోట్లలో బాదాలింగ్‌కు రైలుంది, అందుకే జనం అక్కడే కిక్కిరిసి ఉంటారు. ఊరికి 70 కిలోమీటర్ల దూరంలోని ముతియాన్‌యూ నయం. కాకపోతే అక్కడొక మెలిక ఉంది. గోడ మీదికి రెండు దారులు: అద్దాల కేబుల్ కారు 14వ బురుజు దగ్గర దించుతుంది, కుర్చీల లిఫ్టు 6వ బురుజు దగ్గర దించుతుంది. కిందికి జారుడు బండి కూడా 6వ బురుజు దగ్గరే. ఈ రెండూ వేర్వేరు సంస్థలవి, ఒకదాని రానుపోను టికెట్ రెండోదానికి చెల్లదు. 14 దగ్గర ఎక్కి 6 దగ్గర దిగాలనుకునేవారు రెండు చోట్లా ఒకవైపు టికెట్లే తీసుకోవాలి. 14 నుంచి 6 వైపు నడక చాలావరకు పల్లం, గంట పడుతుంది. 14 నుంచి 20వ బురుజు వైపు నిట్టనిలువు. అలిపిరి 3,550 మెట్లు ఎక్కిన కాళ్ళకు ఇదొక లెక్కా అనుకోవద్దు. అలిపిరి మెట్లకు ఒక వరస ఉంది, పైన నీడ ఉంది. ఇక్కడ ఒక మెట్టు బెత్తెడు, పక్క మెట్టు మోకాలెత్తు, పైన ఎండ, పక్కనుంచి ఈదురుగాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారిని కేబుల్ కారులో తీసుకెళ్ళి, అక్కడి రెండు బురుజుల మధ్య చూపించి, కేబుల్ కారులోనే దింపుకురండి. జియాన్‌కో అనే శిథిలమైన భాగం ఫొటోల్లో అందంగా ఉంటుంది గానీ అక్కడ ఎక్కడం నిషేధం, రాళ్ళు కాళ్ళ కింద జారిపోతాయి.

బీజింగ్ నుంచి షియాన్ రైల్లోనే వెళ్ళాలి. దాదాపు 1,200 కిలోమీటర్లు, వేగం రైలుకు నాలుగు గంటల పైచిలుకు నుంచి ఆరు గంటలు, రెండో తరగతి ఐదువందల యువాన్ల పైన. టికెట్లు పదిహేను రోజుల ముందు తెరుస్తారు. ఇక్కడా పాస్‌పోర్టే టికెట్, చేతికి కాగితం రాదు. స్థానికులు కార్డు తాకించి వెళ్ళే గేట్లు చాలాచోట్ల మన పాస్‌పోర్టును చదవవు. పక్కన మనిషి కూర్చున్న వరస ఒకటుంటుంది, నేరుగా అక్కడికే వెళ్ళాలి. స్టేషన్లో సామాను తనిఖీ ఉంటుంది కనుక ముప్పావుగంట ముందుండాలి, బయల్దేరే వేళకు కొన్ని నిమిషాల ముందే గేటు మూసేస్తారు. ఒక్క బీజింగ్‌లోనే పెద్ద స్టేషన్లు ఎన్నో. షియాన్ రైలు ఎక్కువగా పశ్చిమ స్టేషన్ నుంచి, షాంఘై రైలు ఎక్కువగా దక్షిణ స్టేషన్ నుంచి. టాక్సీ డ్రైవరుకు 'బీజింగ్ స్టేషన్' అని చెబితే మూడోచోట దించుతాడు. పండ్లు కోసుకునే చాకు తీసేసుకుంటారు. విమానమైతే అగ్గిపెట్టె, లైటరు ఏ సామానులోనూ రానివ్వరు. దేవుడి దీపానికని పెట్టెలో వేసుకునేవారు గుర్తుంచుకోవాలి. 2025 జూన్ 28 నుంచి అక్కడి దేశీయ విమానాల్లో చైనా వారి 3సీ భద్రతా ముద్ర లేని పవర్ బ్యాంకును అనుమతించడం లేదు. మన దగ్గర కొన్నవాటికి ఆ ముద్ర సాధారణంగా ఉండదు.

చిన్ షిహువాంగ్ సమాధికి కాపలాగా పాతిపెట్టిన షియాన్ మట్టి సైనికుల దగ్గర మోసపోవడానికి అవకాశాలు ఎక్కువ. స్థలం ఊరికి నలభై కిలోమీటర్ల దూరంలో లిన్‌తోంగ్‌లో ఉంది. ప్రవేశం 120 యువాన్లు, పాస్‌పోర్టు మీద ముందే తీసుకోవాలి. స్టేషన్ దగ్గర పట్టుకునే టాక్సీవాళ్ళు నకలు బొమ్మలు చేసే కార్ఖానాకు తీసుకెళ్ళి ఇదే అంటారు. ఫోన్ మ్యాపులో దారి చూసుకుంటూ కూర్చుంటే ఆ బాధ ఉండదు. గేటు నుంచి గుంటల దాకా పావుగంట నడక. 1974 మార్చిలో రైతులు బావి తవ్వుతుంటే బయటపడింది ఇప్పటి మొదటి గుంట. 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు. పొద్దున 8.30కి తెరవగానే దీనిలోకి వెళ్తే ముందు వరస కటకటాల దగ్గర నిలబడే చోటు దొరుకుతుంది; పదింటికల్లా ముందున్నవారి తలలే కనబడతాయి. ముందు భాగం చూసి వెనక్కి తిరగకుండా గుంట చివరిదాకా వెళ్ళండి. ముక్కలుగా ఉన్న బొమ్మల్ని అతికిస్తున్న చోటు అక్కడుంది. ఒక్కో సైనికుడు ఎన్ని ముక్కల్లోంచి లేచాడో చూస్తేనే ముందు వరస విలువ తెలుస్తుంది. కాళ్ళు గట్టి మట్టి, ఒళ్ళు బోలు, తల విడిగా చేసి అమర్చింది. చేసిన కుమ్మరి పేరు బొమ్మ మీదే గుద్దేవారు, పని చెడితే ఎవరిని పట్టుకోవాలో తెలియడానికి.

గైడ్లు రెండు మాటలు చెబుతారు. బొమ్మలకు మొదట రంగులుండేవన్నది నిజం. రంగు కింద లక్క పూత ఉండేది. రెండువేల ఏళ్ళు తేమలో ఉన్న ఆ పూత తవ్వకంలో పొడిగాలి తగలగానే కొన్ని నిమిషాల్లో ముడుచుకుని, రంగుతో సహా రాలిపోతుంది. చక్రవర్తి సమాధి దిబ్బను ఇప్పటిదాకా తెరవకపోవడానికి ఇలాంటి నష్టమే ఒక కారణం. రెండో మాట, కంచు కత్తులకు ఆ రోజుల్లోనే క్రోమియం పూత వేసేవారని. అది పాత ఊహ. 2019లో అచ్చయిన పరిశోధన ఆ క్రోమియం పక్కనున్న లక్క నుంచి అంటిందని, కత్తులు చెడకపోవడానికి అక్కడి మట్టి గుణం, కంచులో తగరం పాలు కారణాలని తేల్చింది. కంచు రథాలు ఇప్పుడు గుంటల ఆవరణలో లేవు, సమాధి దిబ్బ ఉన్న తోటలోని కొత్త మందిరంలో ఉన్నాయి. అదే టికెట్ మీద ఉచిత బస్సు తీసుకెళ్తుంది. ఇది చెప్పనివారే ఎక్కువ కాబట్టి చూడకుండా వచ్చేసేవారూ ఎక్కువే.

షియాన్‌లో ఇంకొక చోటు మనవాళ్ళు తప్పక చూడాలి, పెద్ద హంస గోపురం. హ్యుయాన్‌త్సాంగ్ ఏడో శతాబ్దంలో ఆంధ్రదేశం, ధాన్యకటకం మీదుగా కంచి దాకా వచ్చిన యాత్రికుడు. తిరుపతి నుంచి మూడు గంటల బస్సు దూరంలోకి వచ్చి వెళ్ళాడన్నమాట. 645లో తిరిగి చేరినప్పుడు 657 గ్రంథాలు మోసుకెళ్ళాడు. వాటిని భద్రపరచడానికి 652లో ఈ గోపురం మొదలైంది. ఇప్పుడున్నది ఏడంతస్తులు, 64 మీటర్లు. ఆవరణకు ఒక టికెట్, గోపురం ఎక్కడానికి ఇంకొకటి. సాయంత్రం బయట నీటి ఫౌంటెన్ల ఆట చూపించి బస్సెక్కించే ప్యాకేజీలే ఎక్కువ. పగలే వెళ్ళాలని పట్టుబట్టండి. ఊరి కోటగోడ చుట్టు పద్నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ, పైన సైకిళ్ళు అద్దెకిస్తారు. ఎండ దిగాక రెండు గంటలు చాలు.

వీసా, ఫోను, డబ్బు సంగతి త్వరగా చెబుతాను. చైనా అనేక దేశాలవారికి వీసా లేకుండానో, పది రోజుల ట్రాన్సిట్ మీదనో ప్రవేశమిస్తోంది. ఆ జాబితాల్లో మన దేశం లేదు. వీడియోలు చూసి నమ్మొద్దు, టూరిస్టు వీసా తీసుకోవాల్సిందే. హాంకాంగ్ వెళ్ళి తిరిగి చైనాలోకి రావాలనుకుంటే రెండు ప్రవేశాల వీసా అడగాలి, ఒక ప్రవేశం వీసా హాంకాంగ్ గేటు దాటగానే అయిపోతుంది. హాంకాంగ్‌కు విడిగా ఆన్‌లైన్‌లో ముందస్తు నమోదు కూడా చేసుకోవాలి. యూపీఐ మీద ఆధారపడి వెళ్ళొద్దు. అక్కడ డబ్బు చెల్లించడానికి వాడే అలీపే, వీచాట్ యాప్‌లలో మన వీసా కార్డునో, మాస్టర్ కార్డునో ఇంటిదగ్గరే కలుపుకుని, పాస్‌పోర్టుతో ధ్రువీకరణ పూర్తి చేసుకోవాలి. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు తెరవడం మరిచిపోతే కార్డు కలిసినా చెల్లింపు జరగదు. 200 యువాన్లు దాటిన చెల్లింపుకు 3 శాతం రుసుము పడుతుంది. ఓటీపీ మన సిమ్‌కే వస్తుంది, కనుక దాన్ని తీసి ఇంట్లో పెట్టొద్దు, రోమింగ్ వేయించాలి. హోటల్ వైఫైలో వాట్సాప్, గూగుల్, యూట్యూబ్ తెరుచుకోవు. మన సిమ్ రోమింగ్‌లో సాధారణంగా పనిచేస్తాయి. గూగుల్ మ్యాప్ అక్కడ వీధుల్ని పక్కకు జరిపి చూపిస్తుంది, ఆమ్యాప్ అనే వాళ్ళ యాప్ వాడాలి. నోట్లు మూడు నాలుగు వందల యువాన్లు చిల్లరగా జేబులో ఉంటే చాలు.

శాకాహారులకు భయం అక్కర్లేదు, జాగ్రత్త కావాలి. 'వొ చ్ర సూ' అంటే నేను శాకాహారిని అని. ఆ మాట ఒక్కటే చాలదు, కూరగాయలే వేసిన వంటలోనూ పంది కొవ్వు, కోడి పొడి, ఆయిస్టర్ సాస్ పడతాయి. చైనా లిపిలో రాయించిన చీటీ ఒకటి జేబులో పెట్టుకుని ఈ మూడూ వద్దని చూపించాలి. బౌద్ధాలయాల పక్కన శాకాహార భోజనశాలలుంటాయి. వాటిలో మాంసం లేకపోవడమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మడి పాటించే పెద్దవారికి ఇంతకంటే మంచిచోటు దొరకదు. రైల్లో, స్టేషన్లో, హోటల్ గదిలో వేడినీళ్ళు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి వేడినీళ్ళు పోస్తే అయ్యే ఉప్మా, అటుకులు, కారప్పొడి తీసుకెళ్తే రెండు పూటలు గట్టెక్కుతాయి. పండ్లు, పాల పదార్థాలు మాత్రం కస్టమ్స్‌లో తీసేస్తారు.

ప్యాకేజీల్లో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేవి పట్టు, జేడ్, టీ, వైద్యం పేరుతో ఆపే దుకాణాలు. ఒక్కోచోట గంటన్నర పోతుంది. రోజుకు రెండు ఆపితే ప్రాసాదానికి ఇవ్వాల్సిన మధ్యాహ్నం మొత్తం పోయినట్టే. కొన్నదానిమీద కమిషన్ వస్తుంది గనుకే టూర్ అంత చవకగా ఇస్తారు. చైనాలో 2013 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన పర్యాటక చట్టంలోని 35వ సెక్షన్ ఇలా చవక ధర చూపి దుకాణాలకు తిప్పడాన్ని నిషేధించింది. ఫిర్యాదుకు 12345 నంబరుంది. అయినా అక్కడ గొడవపడటం కంటే ఇక్కడే 'షాపింగ్ స్టాపులు లేవు' అని కాగితం మీద రాయించుకోవడం తేలిక. తియానన్‌మెన్, వాంగ్‌ఫూజింగ్ వీధుల్లో ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకుంటాం, టీ తాగుదాం రండి అని పిలిచేవారి వెంట వెళ్తే బిల్లు వేల యువాన్లలో వస్తుంది. 'పాతకాలపు' నాణేలు, విగ్రహాలు కొనొద్దు. నకిలీ అయితే డబ్బు పోతుంది, నిజంగా 1911కు ముందువైతే దేశం దాటించడమే నేరం.

మన టూర్ కాగితాల్లో అసలు కనబడని ఊళ్ళ గురించి చెప్పి ముగిస్తాను. షియాన్ నుంచి వేగం రైల్లో గంటన్నర దూరంలో లోయాంగ్ ఉంది. షాంఘైలో అద్దాల మేడల కింద గడిపే ఒక రోజు ఇక్కడికి మళ్ళించవచ్చు. లోంగ్‌మెన్ గుహల్లో లక్షకు పైగా శిల్పాలున్నాయి. వాటిలో పెద్దదైన 17 మీటర్ల వైరోచన బుద్ధుడు తూర్పు ముఖంగా కూర్చున్నాడు, కాబట్టి ఎండ ముఖాన పడేది ఉదయం పూటే. పడమటి గట్టు చూసుకుని, వంతెన దాటి తూర్పు గట్టు నుంచి వెనక్కి చూస్తే కొండ మొత్తం కళ్ళముందు ఉంటుంది. అదే ఊళ్ళోని శ్వేతాశ్వ ఆలయం 68వ సంవత్సరంలో కాశ్యప మాతంగుడు, ధర్మరత్నుడు అనే భారతీయ భిక్షువుల కోసం వెలసిందని చెబుతారు. అక్కడ మన దేశం సాంచీ స్తూపం నమూనాలో కట్టించిన మందిరాన్ని 2010లో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించారు.

ఎడారి అంచున దున్‌హువాంగ్‌లోని మొగావ్ గుహలకు వెళ్ళదలిస్తే నెల ముందే టికెట్ తీయాలి. రోజుకు 6,000 మందికే పూర్తి టికెట్, రద్దీ నెలల్లో ధర 238 యువాన్లు. ముందు రెండు సినిమాలు చూపించి, తరువాత గైడుతో ఎనిమిది గుహలు తిప్పుతారు. అవి దొరక్కపోతే నాలుగు గుహల చిన్న టికెట్. ఏ గుహలన్నది మన చేతిలో లేదు, ఫొటో తీయనివ్వరు. మనుషుల ఊపిరిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ 4వ శతాబ్దం నుంచి వేసిన కుడ్యచిత్రాలను తినేస్తాయి, అందుకే ఇంత కట్టడి. విసుక్కోకుండా గైడు లైటు పడినచోటు చూస్తూ నడవండి.

క్వాన్‌జౌ మాత్రం మన జిల్లాల వాళ్ళు చూసి తీరాల్సిన ఊరు. స్టేషన్‌లో చ్వెన్‌జౌ అని పలకాలి. షియామెన్ నుంచి రైల్లో అరగంట, ముప్పావుగంట. సోంగ్, యువాన్ రాజవంశాల కాలంలో ఇది మహా రేవు, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. దక్షిణ భారత వర్తకులు ఇక్కడ శివాలయం కట్టుకున్నారు. 1281 నాటి తమిళ శాసనం దొరికింది. ఆ గుడి పోయింది, దాని రాళ్ళు మిగిలాయి. 686లో వెలసిన కాయ్‌యువాన్ బౌద్ధాలయంలోకి టికెట్ లేదు. ప్రధాన మండపానికి వందకాళ్ళ మండపం అని పేరు, లెక్కపెడితే 86 స్తంభాలే. ముందువైపు దండం పెట్టుకుని అందరూ వెళ్ళిపోతారు. మీరు మండపం చుట్టూ తిరిగి వెనకవైపు వసారాకు వెళ్ళండి. అక్కడ పదహారు పలకల నల్లరాతి స్తంభాలు రెండున్నాయి. ఒళ్ళంతా గుండ్రటి పతకాల్లా చెక్కిన బొమ్మల్లో హిరణ్యకశిపుణ్ణి చీలుస్తున్న నరసింహుడు, కాళీయుడి మీద కృష్ణుడు, గజేంద్ర మోక్షం కనబడతాయి. వసారా కొంచెం చీకటి, చిన్న టార్చి ఉంటే మంచిది. పక్కనున్న రెండు రాతి గోపురాలు 1604 భూకంపానికి కూడా కదల్లేదు. అదే ఊళ్ళోని సముద్ర చరిత్ర మ్యూజియంలో శివాలయపు మిగతా శిల్పాలున్నాయి. అక్కడికీ పాస్‌పోర్టు తీసుకెళ్ళండి, సోమవారం మాత్రం పెట్టుకోకండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తిరుపతి